ముల్లు 738 మీద: వరంగల్‌లో మాటల రేడియో ఒక ఆదివారం

పాటలు కావాలంటే వివిధ భారతి ఉండేది, మధ్యాహ్నం పూట సిలోన్ రేడియో ఉండేది. ఆకాశవాణి పెద్ద కేంద్రాల సత్తా మాత్రం మాటల్లో ఉండేది. వార్తలు, పంటల ముచ్చట, పురాణం, నాటకం, చర్చ, పిల్లల కార్యక్రమం, ఉత్తరాలకు జవాబులు... పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూనే ఉండేవారు. 1970లలో, 80ల మొదట్లో వరంగల్‌లో కూర్చుని ఆ మాటలు వినాలంటే ఏం చేయాల్సి వచ్చేది, అటు స్టూడియోలో వాటిని ఎట్లా తయారుచేసేవారు, ఎక్కడ చెడేది, ఎందుకు చెడేది అన్నది ఈ పోస్టు. ఇంట్లో పాత క్యాసెట్లు ఉన్నవాళ్లకు పనికొచ్చే సంగతి చివర్లో ఉంది.

ముందు సెట్టు మీద కేంద్రాన్ని చూపే ముల్లు సంగతి. అప్పటికి వరంగల్‌కు సొంత కేంద్రం లేదు. హైదరాబాద్ ‘ఎ’ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837. ఒకదాని అంకెలు తిరగేస్తే రెండోది, మరిచిపోయే పని లేదు. పాత సెట్ల మీద ఇవి మీటర్లలో, అంటే తరంగం పొడవుగా ఉండేవి. మూడు లక్షలను కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి: 738 అంటే సుమారు 406, 837 అంటే 358, హైదరాబాద్ ‘బి’ 1377 అంటే 218. 1978 నవంబరులో మన వైపు మీడియం వేవ్ కేంద్రాలన్నీ 9 కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దుకున్నాయి కాబట్టి ఈ నంబర్లన్నీ తొమ్మిదో ఎక్కంలోనే పడతాయి. ఇప్పుడు డిజిటల్ సెట్టు కొని మీడియం వేవ్ పెట్టినప్పుడు 730, 740 అని పదేసి చొప్పున దూకుతుంటే అది అమెరికా లెక్క మీద ఉన్నట్టు. మెనూలో 9కి మార్చాలి, లేకపోతే గొంతు గుడ్డ కప్పినట్టు వస్తుంది.

ట్రాన్సిస్టర్ సెట్టును ఏ మూలకు తిప్పి పెట్టాలన్నదానికి కూడా లెక్క ఉంది. లోపల బలపం కంటే లావుగా నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, దాని మీద సన్న తీగ చుట్టి ఉంటుంది. మీడియం వేవ్‌కు అదే ఏరియల్. కడ్డీ అడ్డంగా ఉన్న దిక్కు నుంచి బాగా అందుకుంటుంది, కడ్డీ కొన చూసే దిక్కు నుంచి దాదాపు ఏమీ అందుకోదు. మామూలుగా ఆ కడ్డీ సెట్టు పొడవునా ఉంటుంది. వరంగల్ నుంచి హైదరాబాద్ పడమర, కొంచెం దక్షిణానికి; గాలిదారిన సుమారు 135 కిలోమీటర్లు. విజయవాడ దక్షిణం, కొంచెం తూర్పుకు; సుమారు 200. ఈ రెండు దిక్కుల మధ్య దాదాపు లంబకోణం ఉంది. అంటే సెట్టు ముఖాన్ని హైదరాబాద్ వైపు తిప్పితే కడ్డీ కొన విజయవాడ వైపు పోతుంది, ఆ కేంద్రం బలహీనపడుతుంది. పావు వంతు తిప్పితే వ్యవహారం తలకిందులు. ‘ఈ గూట్లో పెడితే హైదరాబాద్ వస్తది, ఆ కిటికీల పెడితే బెజవాడ వస్తది’ అని ఇళ్లల్లో అనుకునే మాటకు కారణం గూడూ కాదు, కిటికీ కూడా కాదు. ఆ చోట సెట్టు ఏ ముఖంగా ఆనేదో అదే. ఇనుప బీరువా మీద పెడితే మాత్రం ఏ దిక్కూ కలిసిరాదు.

రాత్రి కష్టం వేరు. పగలు మీడియం వేవ్ నేల వెంటే వస్తుంది. పైకి పోయిన తరంగాన్ని వాతావరణం పై భాగంలో ఉండే అయనోస్ఫియర్‌లోని డి పొర మింగేస్తుంది. పొద్దు గుంకాక ఆ పొర పలచబడి, పైకి పోయినది ఇంకా ఎత్తున తగిలి కిందికి దిగుతుంది. నేల వెంట వచ్చినదీ, పైనుంచి దిగినదీ సరిసమానంగా కలిసే దూరంలో రెండూ ఒకసారి బలం ఇచ్చుకుంటాయి, ఒకసారి చంపుకుంటాయి. పెద్ద కేంద్రానికి సుమారు వంద నుంచి రెండు వందల కిలోమీటర్ల మధ్య ఈ పోరు ఎక్కువ. వరంగల్ సరిగ్గా అందులోనే పడింది. గొంతు సన్నబడితే పరవాలేదు, చెవి ఆనిస్తే అర్థమవుతుంది. అసలు చిక్కు గొంతు చీలినప్పుడు. మాటను మోసే తరంగం పడిపోయి, మాట తాలూకు పక్క తరంగాలు మిగిలిపోతే గరగర తప్ప ఏమీ తెలియదు. సెట్టును పడుకోబెట్టి కొంచెం వాల్చితే ఒక్కోసారి సర్దుకునేది, ఎందుకంటే పైనుంచి దిగే తరంగం కడ్డీకి ఇంకో కోణంలో తగులుతుంది. మే నెలలో ఉరుముల చిటపటకు, పక్కింటి ట్యూబ్‌లైటు చోక్‌కు, బావి మోటరు స్టార్టర్‌కు మందు లేదు.

బ్యాటరీ సెల్లుల విషయం ఒక్క ముక్క. పెద్ద సెల్లులు మూడో నాలుగో పడేవి. సౌండు తక్కువలో మాట బాగుండి, పెంచగానే పగిలితే స్పీకరును అనుమానించొద్దు. సెల్లు లోపల నిరోధం పెరిగి, పెద్ద శబ్దానికి కావలసిన కరెంటు ఇవ్వలేకపోతున్నట్టు లెక్క. ఎండలో పెడితే రెండు పూటలు లాగేది. రసాయనం కాస్త కదిలి ఉన్నదే బయటికొస్తుంది తప్ప కొత్త బలం రాదు. పైగా అట్లా పెట్టిన సెల్లే తొందరగా కారి స్ప్రింగును తినేస్తుంది. ఇక రేడియో ఉన్నందుకు లైసెన్సు పోస్టాఫీసులో, ఏడాదికి 15 రూపాయలు. 1980ల నడుమ అది పోయింది.

ఇక రోజు మొదలుపెడదాం. ఆదివారం అనుకుందాం, మాటల కార్యక్రమాలకు అదే పెద్ద రోజు. ప్రసారం మూడు భాగాలు: పొద్దున ఆరుకు ముందు మొదలై పది దాకా, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాటే దాకా, సాయంత్రం అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా. నడుమ విరామాల్లో ముల్లు ఎక్కడ పెట్టినా గాలి చప్పుడే.

పొద్దున 6.45కు విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు, 6.55కు ఢిల్లీ నుంచి సంస్కృతం, 7.05కు తెలుగు. సంస్కృత వార్తలు 1974లో మొదలయ్యాయి. ‘ఇయమ్ ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్, ప్రవాచకః బలదేవానంద సాగరః’ అన్నది ఆ భాష ఒక్క ముక్క రాని ఇళ్లల్లో కూడా నోటికొచ్చేది. ఎవరూ వినాలని వినలేదు, తెలుగు వార్తల కోసం ముందే పెట్టుకున్నందుకు వచ్చింది. అద్దంకి మన్నార్, ఏడిద గోపాలరావు గొంతులైతే పేరు చెప్పకముందే పట్టేసేవారు.

ఆ ఢిల్లీ వార్తలు ఒక్కోసారి బావిలోంచి వచ్చినట్టు, నడుమ ఈల వేస్తూ వినబడటానికి మీ సెట్టు తప్పేమీ లేదు. ఢిల్లీ షార్ట్‌వేవ్ (చాలా దూరం పోయే రేడియో తరంగాలు) మీద పంపేది, ఇక్కడి కేంద్రం పెద్ద ఏరియల్‌తో పట్టుకుని మళ్లీ మీడియం వేవ్ మీద వదిలేది. షార్ట్‌వేవ్ మీద పడిన దెబ్బలన్నీ అట్లాగే మీ ఇంటికి వచ్చేవి. అప్పుడు సెట్టు ఎన్ని వంకలు తిప్పినా లాభం లేదు. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా అందుకోవడం మొదలయ్యాక ఆ ఈల పోయింది. గుర్తుపట్టే కిటుకు ఇది: వార్తలు గరగరమని, వెంటనే స్థానిక అనౌన్సరు గొంతు శుభ్రంగా వస్తే లోపం ఢిల్లీ దారిలో ఉన్నట్టు, ఇద్దరిదీ గరగర అయితే లోపం మన దగ్గర.

పది నిమిషాల వార్తల్లో తెలుగు మాటలు సుమారు వెయ్యి పడతాయి. నిమిషానికి తొంభై, వంద. ఇంగ్లీషు ఇంతకంటే చాలా ఎక్కువ పడుతుంది, మన మాటలు పొడుగు. ముందు ముఖ్యాంశాలు, చివర మళ్లీ ముఖ్యాంశాలు. నడుమ ఆఖర్న ఉన్న రెండు మూడు వార్తలు కోసేసినా నష్టం లేనివి పెట్టాలి. చదివే మనిషి గడియారం చూసి వాటిని దాటేస్తే ముఖ్యాంశాలు సమయానికి పడతాయి. ఆ వరస తప్పి పెద్ద వార్త చివరికి పోయిందంటే, దాన్ని పరుగు మీద చదవాల్సిందే.

ప్రసంగాల దగ్గర ఎక్కువమంది పండితులు బోల్తా పడేవారు. పది నిమిషాల ప్రసంగానికి అనౌన్స్‌మెంటు పోను తొమ్మిదిన్నర నిమిషాలే చేతికొస్తాయి, అంటే తొమ్మిది వందల మాటల లోపు. కాగితం మీద బాగుండే వాక్యం చెవికి బాగుండదు. తెలుగులో క్రియ చివర ఉంటుంది. ‘చేసి, చూసి, వెళ్లి, తెచ్చి’ అని నాలుగు ముడులు వేస్తే, చివరి క్రియ వచ్చేసరికి వినేవాడికి కర్త ఎవరో గుర్తుండదు. రెండు ముడులు దాటకుండా వాక్యం తెంపాలి. ‘పైన చెప్పినట్లు’ అనొద్దు, రేడియోలో పైన అంటూ ఏదీ లేదు. 4,87,000 అనొద్దు, దాదాపు అయిదు లక్షలు అనాలి. కాగితానికి ఒకవైపే రాయాలి, పిన్ను తీసేయాలి, చదివిన పేజీని తిప్పకుండా పక్కకు జరపాలి. ఇవన్నీ కాగితం చప్పుడు కోసం. మైకుకు జానెడు కంటే ఎక్కువ, మూరెడు లోపు దూరంలో కూర్చోవాలి. నోరు సూటిగా కాకుండా కొంచెం పక్కకు పెట్టాలి, ఎందుకంటే భ, ఫ, ధ, ఖ లాంటి ఒత్తక్షరాలు పలికినప్పుడు ఊపిరి మైకును తంతుంది. పురాణం చెప్పేవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ, సంస్కృత సమాసాల నిండా ఒత్తులే.

ఆ మాటకొస్తే ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ. విజయవాడ కేంద్రం నుంచి రామాయణ, భారతాలు చెప్పిన ఈయన (అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు) గొంతు పగటి పూట వరంగల్‌కు దిట్టంగా వచ్చేది. సెట్టు ముఖం విజయవాడకు తిప్పుకుంటే చాలు. కథ చెబుతూ చెబుతూ నేటి మనిషిని పక్కకు పిలిచి నిలదీసినట్టు ఒక మాట అనడం ఆయన పద్ధతి. రాగం తీయకుండా పురాణం చెప్పొచ్చని ఆయన వల్లే తెలిసింది. ‘ధర్మ సందేహాలు’లో శ్రోతల ప్రశ్నలకు జవాబులిచ్చేది కూడా ఆయనే. ఈ జవాబుల కార్యక్రమం మాటల రేడియోకు వెన్నెముక. ప్రశ్న చిన్నదిగా, జవాబు రెండు నిమిషాల లోపు ఉంటే సాగుతుంది. ప్రశ్న పంపే కార్డు మీద కార్యక్రమం పేరు రాయకపోతే కార్డు ఏ బల్ల మీదికి పోవాలో తెలియక తిరిగి తిరిగి ఆలస్యమయ్యేది.

పిల్లలకు హైదరాబాద్ నుంచి బాలానందం. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి దీన్ని మద్రాసులో మొదలుపెట్టి, 1956 తర్వాత హైదరాబాద్‌లో నడిపారు. ఆ తర్వాతి తరానికి రేడియో అక్కయ్య అంటే తురగా జానకీరాణి. పిల్లల రికార్డింగులో అసలు కష్టం ఎత్తు. ఆరేళ్ల పిల్లకూ పన్నెండేళ్ల పిల్లాడికీ ఒకే మైకు పెడితే ఒకరి గొంతు నెత్తి మీదుగా పోతుంది, కాబట్టి పొట్టివాళ్ల కాళ్ల కింద పీట వేయాల్సిందే.

మూడింటికి నాటకం. అరగంటది నాటిక, గంటది నాటకం. రిబ్బన్ మైకు ముందూ వెనుకా వింటుంది, పక్కల వినదు. అందుకని నటులు ఎదురెదురుగా రెండు వైపులా నిలబడి చదివేవారు. పాత్ర గదిలోంచి వెళ్లిపోవాలంటే తలుపు దాకా నడవక్కర్లేదు. మాట్లాడుతూ రెండడుగులు పక్కకు, మైకు చెవిటి వైపుకు జరిగితే వినేవాడికి మనిషి దూరమైపోయినట్టే. కొత్తవాళ్లు ఈ పక్క అడుగు మరిచి వెనక్కే పోయేవారు, అప్పుడు గొంతు తగ్గి గోడల మోత మాత్రం పెరిగి బాత్రూంలో మాట్లాడినట్టుండేది.

టేపు కోత చాలా సున్నితం. పావు అంగుళం టేపు, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగం, అంటే 19 సెంటీమీటర్లు. 1200 అడుగుల చుట్ట 32 నిమిషాలు వస్తుంది. రెండు సెకన్ల తడబాటు తీయాలంటే 38 సెంటీమీటర్ల ముక్క కోయాలి. రెండు చుట్టలనూ చేత్తో ముందుకూ వెనక్కూ ఊపుతూ, ఆ మూలుగులో మాట మొదలయ్యే చోటు పట్టుకుని, మైనపు పెన్సిల్‌తో గీత పెట్టి, గాడిలో పెట్టి, 45 డిగ్రీల వాలులో బ్లేడుతో కోసి, అతుకు టేపు వేయాలి. నిట్టనిలువునా కోస్తే అతుకు దగ్గర ‘టప్’ మంటుంది. తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన మాటలు అచ్చుతో ముగిసి పక్క మాటలోకి జారిపోతాయి, మాటకూ మాటకూ మధ్య సందు దొరకదు. క, ట, త, ప లాంటి అక్షరం పలికే ముందు నోరు ఒక్క క్షణం మూసుకుంటుంది, కోయాల్సింది అక్కడ. మ, న, ల మధ్యలో కోస్తే ఎంత నేర్పరి కోసినా తెలిసిపోతుంది. ఊపిరి తీసిన చప్పుడు పూర్తిగా తీసేయొద్దు, మనిషి ఊపిరాడక మాట్లాడినట్టుంటుంది. ఖాళీ కావలసిన చోట ఉత్త టేపు అతికించొద్దు. అదే స్టూడియోలో ఎవరూ మాట్లాడనప్పుడు పట్టిన నిశ్శబ్దం వాడాలి.

సాయంత్రం 6.15కు హైదరాబాద్ ప్రాంతీయ వార్తలు, ఆ వెంబడి వ్యవసాయం, ధరలు, వాతావరణం. పంచాయతీ ఆఫీసులో రేడియో ఉండి బయట స్పీకరు కట్టిన ఊళ్లలో రైతులు పొలం నుంచి వచ్చే వేళకు సరిగ్గా పడేది. 1966 నుంచి ఆకాశవాణిలో వ్యవసాయానికి ప్రత్యేక విభాగాలు వచ్చాయి. ఇక్కడ ఒక పేచీ ఉంది. విజయవాడ నుంచి వచ్చే సలహా కాలువ నీళ్ల లెక్క. వరంగల్, కరీంనగర్ వైపు చెరువు నిండితేనే వానాకాలం నాటు, బావిలో నీళ్లుంటేనే యాసంగి. కాలువ వదిలే తేదీని పట్టుకుని నారు పోయమని చెబితే ఇక్కడి రైతుకు పనికిరాదు. మన వైపు వాళ్లు హైదరాబాద్ పెట్టుకోవడానికి అభిమానం ఒక్కటే కారణం కాదు.

పంటల స్క్రిప్టులో ప్రాణాంతకమైనది దశాంశం. పత్తి మీద మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు అని అప్పటి సిఫారసు. ‘ఒకటి పాయింట్ ఆరు’ అంటుండగా గొంతు చీలి ‘పాయింట్’ పోయిందనుకోండి, మిగిలేది ఏమిటో చూడండి. అందుకని తెలిసిన స్క్రిప్టు రచయిత లీటరు లెక్క వదిలి, పది లీటర్ల ట్యాంకుకు పదహారు మిల్లీలీటర్లు అని రాస్తాడు, రెండుసార్లు చెప్పిస్తాడు, రెండోసారి నెమ్మదిగా. వరి విత్తనశుద్ధికి కిలోకు మూడు గ్రాముల కార్బెండజిమ్ లాంటి పూర్ణాంకాలతో ఈ గొడవ లేదు. మందు పేరు వాక్యం మొదట్లో కాకుండా, ఏ పురుగు, ఏ దశ అన్నది చెప్పాక రావాలి. పెన్ను వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది.

కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం ముచ్చట్లు. భవిష్యనిధి, బీమా, ప్రమాదాల జాగ్రత్తలు వాళ్ల వాదులాటలో దొర్లిపోయేవి. సలహా చెబుతున్నట్టు తెలియనీయని పద్ధతి అది, ఆనాటి రాతల్లో దీన్ని మించినది తక్కువ. కాకపోతే వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో గానీ సింగరేణిలో గానీ రెండో షిఫ్టులో ఉన్నవాళ్లకు అది ఎన్నడూ అందలేదు. ఎవరి కోసం చేశారో వాళ్లలో ఒక వంతు మిషన్ల దగ్గరే ఉండేవారు, మళ్లీ వేసే అలవాటూ లేకపాయె.

రాత్రి 8.45కు హిందీ వార్తలు, తొమ్మిదికి ఇంగ్లీషు. హైదరాబాద్ ఉర్దూ కార్యక్రమం ‘నైరంగ్’కు హన్మకొండ, మట్టెవాడ ఇళ్లల్లో తెలుగువాళ్లు కూడా చెవి పెట్టేవారు. ఈ కేంద్రం నిజాం కాలంలో దక్కన్ రేడియో, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి చేతికొచ్చింది. ఉర్దూ నాటకం, ముషాయిరా (కవి సమ్మేళనం) దానికి పుట్టుకతో వచ్చినవి.

తర్వాత ఆదిలాబాద్‌కు 1986లో 1485 కిలోహెర్ట్జ్ మీద, వరంగల్‌కు 1990లో 103.5 ఎఫ్ఎం మీద సొంత కేంద్రాలు వచ్చాయి. చీలడం, ఉరుము చిటపట పోయాయి. కానీ పాత రెండు బ్యాండ్ల సెట్లలో ఎఫ్ఎం లేదు, కొత్తది కొనాలి. 103.5కు సెట్టు మీది ఏరియల్ 72 సెంటీమీటర్లు పైకి లాగితే చాలు. మొత్తం లాగితేనే బాగా వస్తుందన్నది భ్రమ.

ఇక క్యాసెట్లు. రేడియో నుంచి పట్టిన ఉషశ్రీ గానీ, నాటకాలు గానీ ఇంట్లో ఉంటే వెంటనే ప్లే నొక్కొద్దు. ముందు ఒకసారి చివరి దాకా, మళ్లీ మొదటి దాకా చుట్టండి. అంటుకున్న పొరలు విడిపోతాయి. టేపును చదివే హెడ్‌కు ఎదురుగా క్యాసెట్లో ఉండే చిన్న ఫెల్టు మెత్త ఊడిందేమో చూడండి, ఊడితే గొంతు వస్తూ పోతూ ఉంటుంది. ప్లేయరు హెడ్ పక్క స్క్రూను సన్న స్క్రూడ్రైవరుతో అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ స, శ లు ఎక్కడ పదునుగా వినబడితే అక్కడ ఆపండి. కంప్యూటరులోకి మోనోగా (ఒకే చానల్‌గా) ఎక్కించండి, స్టీరియో దండగ. మీడియం వేవ్‌లో 9 కిలోహెర్ట్జ్ ఎడం వల్ల నాలుగున్నర, అయిదు కిలోహెర్ట్జ్ పైన మాట దాదాపు లేదు. అక్కడున్నదంతా టేపు బుస, నిర్భయంగా కోసేయండి. కింద 80 హెర్ట్జ్ లోపు కూడా తీసేయొచ్చు, కరెంటు హమ్ కొంత తగ్గుతుంది. అంతకు మించి నాయిస్ తగ్గించే మీట జోలికి పోతే గొంతు నీళ్లలో మాట్లాడినట్టు తయారవుతుంది.

వేగం సరిగా ఉందో లేదో చూడటానికి 50 హెర్ట్జ్ హమ్‌ను నమ్మొద్దు, ఆ రోజుల్లో కరెంటు ఫ్రీక్వెన్సీయే నిలకడగా లేదు. క్యాసెట్లో ఎక్కడైనా ఆకాశవాణి సంకేత ధ్వని పడిందేమో వెతకండి. వాల్టర్ కౌఫ్‌మన్ కట్టిన ఆ తంబురా, వయొలిన్ ముక్క ఎప్పుడూ ఒకే రికార్డు. మంచి ప్రతితో పక్కన పెట్టి శ్రుతి కలపండి. ఎంత శాతం తేడా వచ్చిందో అంతా మొత్తం క్యాసెట్‌కు సవరించండి. రికార్డు చేసినప్పుడు సెల్లులు దిగిపోతూ ఉంటే మాత్రం టేపు వేగం రానురాను తగ్గి, ఇప్పుడు మామూలు వేగంలో వేస్తే చివరికి పోయేకొద్దీ గొంతు కీచుగా మారుతుంది. అప్పుడు ఒకే శాతం పనిచేయదు, అయిదు నిమిషాలకు ఒక ముక్కగా విడగొట్టి సవరించాలి.